అంటని పటాలం

యంత్రం సన్నగా మూలుగుతోంది. దాని గాజు అరలో జోగినాయుడి బొమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. నీలం రంగు కాంతిరేఖ సూదిమొనలా సన్నబడి, ఆ బొమ్మ కుడిమోకాలి సందులోకి దూరింది. గోడమీది తెరపై అంకెలు గబగబా పరుగెత్తి ఆగిపోయాయి.

"పదకొండు వందల నలభై రెండు," అంది డాక్టర్ మందాకిని.

"ఏటమ్మా అవి?" అన్నాడు జోగినాయుడు.

"ఈ మోకాలు ఇంతవరకూ వంగిన సార్లు. వంచింది చిన్న చెయ్యి. ఆరేడేళ్ళ పిల్లలది."

"అబద్దం! డబ్బా సీలు నా చేత్తో నేను విప్పినాను."

"డబ్బా ఎక్కడిది?"

"మా తోడల్లుడు ఇచ్చినాడు."

"ఆయనకి పిల్లలున్నారా?"

జోగినాయుడు తల గోక్కున్నాడు. బెంచీల మీద కూర్చున్న సేకరణదారులు కిసుక్కుమన్నారు. "మీ తోడల్లుడు సీలు కూడా బాగానే అతికించినాడు నాయుడూ!" అన్నాడు వెనకనుంచి ఒకడు. మందాకిని నవ్వలేదు. బొమ్మను పట్టకారుతో తీసి పక్కనున్న నీలం తొట్టెలో పడేసింది. టక్కుమని చిన్న చప్పుడు. సాయంత్రానికి ఆ తొట్టె కొలిమికి పోతుంది.

రెండో బెంచీ చివర కూర్చున్న పైడిరాజు ఆ తొట్టెమీంచి చూపు తిప్పుకోలేకపోయాడు.

ఆ ఏడే ప్లాస్టిక్ వాపసు చట్టం వచ్చింది. సముద్రం విశాఖ బీచి రోడ్డుని మింగేసి, పోటు వచ్చినప్పుడల్లా మనుషులు పారేసిన ప్లాస్టిక్‌ని తిరిగి వీధుల్లోకి కక్కుతూంటే, ఇళ్ళలో ఉన్న పాత ప్లాస్టిక్ అంతా కరిగించి తీరాలని ప్రభుత్వం పట్టుబట్టింది. చారిత్రక వస్తువులకు మాత్రం మినహాయింపు. ఏది చారిత్రకం? తయారైన నాటినుంచి ఎవరూ వాడనిది. వాడింది చెత్త, వాడనిది చరిత్ర. చట్టం అంత సూటిగా ఉంది. ఇక ఏ వస్తువు ఏ కోవలోకి వస్తుందో తేల్చడానికి మనుషుల మాట పనికిరాదని, మందాకిని తయారుచేసిన ఈ జాయింట్ రీడర్‌ని, కీళ్ళు చదివే యంత్రాన్ని, పెట్టారు.

ఆ యంత్రం చేసే పని అర్థం చేసుకోవడం కష్టం కాదు. పాత రుబ్బురోలు అరుగుదల చూసి, ఆ ఇంట్లో ఎంతమంది తిన్నారో చెప్పగలిగే ముసలమ్మలు ఉండేవారు. ఇదీ అంతే. ప్లాస్టిక్ కీలు కదిలిన ప్రతిసారీ లోపల ఒక గీత పడుతుంది, వెంట్రుకలో వెయ్యో వంతు లోతున. కాంతిరేఖ ఆ గీతల్ని లెక్కపెడుతుంది. ప్లాస్టిక్ పీల్చుకున్న తేమనీ వేడినీ బట్టి ఒక్కో గీత ఎప్పటిదో, పగటిదో రాత్రిదో చెబుతుంది. ఒత్తిడి పడిన తీరునుబట్టి వేలు ఎంతదో, ఎంత నెమ్మదిగా వంచిందో కూడా చెబుతుంది.

పైడిరాజు దగ్గర ఉన్నవి అంగారక పటాలం బొమ్మలు. ముప్పయ్యేళ్ళ కిందట టీవీలో వచ్చిన సైన్స్ ఫిక్షన్ సీరియల్ అది. ఎర్రగ్రహం మీద ఒంటరి కోటకి కాపలా కాసే అరవై నలుగురు సైనికుల కథ. సీరియల్ పోయింది, బొమ్మలు మిగిలాయి. ఒక్కో బొమ్మ నాలుగంగుళాలకు తక్కువ. మెడ, భుజాలు, మోచేతులు, తుంట్లు, మోకాళ్ళు, అన్నీ కలిపి పద్నాలుగు కీళ్ళు. వీపుమీద నంబరు. రేవులో క్రేన్ల ఫిట్టరుగా పనిచేస్తూ, ఊరూరూ తిరిగి, అరవై నలుగురినీ కూడగట్టినవాడు రాష్ట్రంలో పైడిరాజు ఒక్కడే.

సేకరణదారులకి ఒక ఆచారం ఉంది. బొమ్మ ఇంటికి రాగానే నూలు గ్లవుజులు తొడుక్కుని, అటెన్షన్‌లో నిలబెట్టి, అద్దాల బీరువా తలుపు వేసేస్తారు. అంతే. ఆ తర్వాత కీలు కదపరు. దుమ్ము పడితే రబ్బరు బల్బుతో గాలి ఊదుతారు తప్ప గుడ్డ తగలనివ్వరు. కీలు కదిపితే ఆ బొమ్మ ఆటవస్తువు అయిపోయిందంటారు. పైడిరాజు బీరువాలో నాలుగు అరలు, అరకి పదహారుగురు, ఇరవై రెండేళ్ళుగా నిటారుగా నిలబడి ఉన్నారు.

భార్య నరసమ్మ పోయి మూడేళ్ళయింది. పిల్లలు లేరు. రేవులో రిటైరయి రెండేళ్ళు. ఇంట్లో అతనికి తోడు అంటూ ఉన్నది ఆ పటాలమే. అది కొలిమికి పోతుందన్న ఊహకే అతనికి ముద్ద మింగుడు పడటం లేదు.

"నీకేటి బావా, నీవి అంటనివి కదా," అన్నాడు ఆ సాయంత్రం పరీక్షలు ముగిసి మెట్లు దిగుతూ జోగినాయుడు, ఏడుపు ఆపుకుంటూనే ఎకసెక్కంగా. "గుండెమీద చెయ్యేసుకుని పడుకో."

"అంటనివే," అన్నాడు పైడిరాజు. మొహం మాత్రం పక్కకి తిప్పుకున్నాడు.

ఎందుకంటే అతను దొంగ. ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఒకటో నంబరు కెప్టెన్ రుద్రసేనుడి కుడిచేతిని, ఏళ్ళ తరబడి ప్రతి ఉదయం డ్యూటీకి వెళ్ళేముందు, అతను పైకెత్తాడు. కెప్టెన్ అతనికి సెల్యూట్ చేసేవాడు. అతను తిరిగి సెల్యూట్ చేసేవాడు. చెయ్యి దించి, తలుపు వేసి, టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్ళిపోయేవాడు. రేవులో రోజంతా సూపర్‌వైజర్ల చేత తిట్లు తినే మనిషికి పొద్దున్నే ఒక్క సెల్యూట్ కావలసి వచ్చింది. ఇందులో తప్పేమిటి? యంత్రానికి తప్పొప్పులతో పని లేదు. వేలకొద్దీ గీతలు చూపిస్తుంది. ఒక్కటి తప్పితే మొత్తం సెట్టును అనుమానిస్తారు.

పరీక్షకి ఇంకా పదిరోజులు గడువుంది. పేరు నమోదు చేసుకున్న రోజున, ప్లాస్టిక్ రకం తెలుసుకోవడానికని మందాకిని మనుషులు సెట్టులోంచి ఒక బొమ్మను చీటీ తీసి పట్టుకెళ్ళారు. నలభై ఒకటో నంబరు, వైర్‌లెస్ ఆపరేటర్. పైడిరాజు బెంగపడలేదు. ఆ బొమ్మ కీలు అతనెప్పుడూ కదపలేదు. అతని భయమంతా కెప్టెన్ చేతిమీదే.

రేవులో నేర్చిన విద్య ఒకటి గుర్తొచ్చింది. గీతలుపడ్డ ప్లాస్టిక్ మూతలకి అసిటోన్ ఆవిరి పట్టేవారు. పైపొర రవ్వంత కరిగి, మళ్ళీ గట్టిపడి, అచ్చులోంచి అప్పుడే తీసినట్టు నున్నగా అయిపోయేది. ఒక్క కెప్టెన్‌కే పడితే మిగతావాళ్ళ మధ్య తేడా కనబడుతుంది. కాబట్టి అందరికీ పట్టాల్సిందే.

ఎనిమిది రోజులు కిటికీలు తీసిపెట్టుకుని, ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని, అరవై ముగ్గురికీ కీలు కీలుకీ ఆవిరి పట్టాడు. కళ్ళు మండితే కడుక్కున్నాడు. పక్కవాటాలోని ఆవిడ వచ్చి, "ఏటి పైడిరాజుగారూ, గోళ్ళరంగు వాసన? రెండో పెళ్ళిగాని చేసుకున్నారా ఏటి?" అని నవ్వితే, నవ్వలేక తలుపు వేసేశాడు. ఎనిమిదో రోజు సాయంత్రానికి, తన సెల్యూట్లన్నీ ఆవిరైపోయాయని నమ్మకం కుదిరింది.

పరీక్షనాడు మందాకిని ఒక్కొక్క సైనికుడినీ గాజు అరలో పడుకోబెట్టింది. మొదట కెప్టెన్. కాంతిరేఖ కుడిభుజంలోకి దూరింది. పైడిరాజు కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"సున్నా," అంది మందాకిని.

రెండు, సున్నా. మూడు, సున్నా. మధ్యాహ్నం దాటేసరికి అరవై మూడూ సున్నా. అతని వీపుమీద చొక్కా తడిసి అంటుకుపోయింది. ఊపిరి ఇప్పుడిప్పుడే కిందికి దిగుతోంది.

"చాలా అరుదు పైడిరాజుగారూ. ఇంత శుభ్రమైన సెట్టు నేను చూడలేదు," అంది ఆమె. తర్వాత పక్కనున్న బొమ్మను ముందుకు జరిపి, "నలభై ఒకటి మాత్రం..." అంది.

"దానికేటయింది?"

"ఇది వాడిన బొమ్మ. తుంటి నాలుగు వేల తొమ్మిది వందల ఆరుసార్లు వంగింది. మోకాళ్ళూ అన్నే సార్లు."

"కుదరదమ్మా! దాన్ని నేను ముట్టుకోలేదు. మీ మిషనే తప్పు!"

"మీరు ముట్టుకోలేదు. అది నిజమే. ఇది ఆడమనిషి వేలు."

పైడిరాజు కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్నాడు.

మందాకిని తెరవైపు చూస్తూ, తన పనిలో తాను మునిగి చదువుకుపోయింది. "గీతలన్నీ మధ్యాహ్నపు వేడివి. వంగడానికీ తిరిగి నిటారు కావడానికీ మధ్య రెండు గంటలు. ఆరు రోజులు వంగింది, ఏడోరోజు వంగలేదు. మళ్ళీ ఆరు రోజులు. మధ్యలో ఒకసారి నలభై రోజులు ఏమీ లేదు. చివరి గీత మూడేళ్ళనాటిది. దాని తర్వాత ఇక లేవు."

ఏడోరోజు పైడిరాజుకి వారపు సెలవు. ఆ నలభై రోజులూ అతను కాలు విరిగి ఇంట్లో పడుకున్నాడు.

"ఏం చేసేదో చూపించగలరా అమ్మా?" అన్నాడు.

మందాకిని పరీక్షలకి వాడే ముఖం లేని బూడిదరంగు బొమ్మను తీసి బల్లమీద నిలబెట్టి, మీట నొక్కింది. యంత్రపు సన్నని లోహపు వేళ్ళు, నలభై ఒకటో వాడి కీళ్ళలో దొరికిన కదలికనే ఆ బొమ్మచేత చేయించాయి. తుంటి మెల్లగా వంగింది. తర్వాత మోకాళ్ళు. బొమ్మ బల్ల అంచున కూర్చుంది, కాళ్ళు కిందికి వేలాడేసుకుని. వేళ్ళు ఒక్క క్షణం దాని వీపుకి ఆని, పడిపోదని తెలిశాక వదిలాయి.

బొమ్మలు వచ్చిన కొత్తల్లో నరసమ్మ ఒక్కసారి అంది. "పొద్దస్తమానం నిల్చోబెట్టే ఉంచుతావు. ఆళ్ళ కాళ్ళు పీకవా?" పైడిరాజు కస్సుమన్నాడు. "బొమ్మలకి కాళ్ళు పీకడమేటే, బుద్ధిలేని మాటలు! బీరువామీద చెయ్యి పడిందంటే ఊరుకోను." ఆమె మరి ఆ మాట ఎత్తలేదు. అతను డ్యూటీ దిగి వచ్చేసరికి పటాలం ఎప్పుడూ అటెన్షన్‌లోనే ఉండేది. ఒక్కడి పాదమైనా వెంట్రుకవాసి పక్కకి జరిగి ఉండేది కాదు.

"మిగతా అరవై మూడూ చదవండమ్మా," అన్నాడు పైడిరాజు, లేచి నిలబడి. "మళ్ళీ చదవండి. ఈ ఒక్కడినే కూర్చోబెట్టిందా, అందర్నీనా?"

"చదివాం కదండీ. సున్నా."

"సున్నా కాదు! నేనే చెరిపేసినాను. అసిటోన్ ఆవిరి పట్టినాను. కెప్టెన్ చెయ్యి దాచడానికి... నా దొంగతనం దాచుకోడానికి..." మాటలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. సెల్యూట్ సంగతి, ఎనిమిది రోజుల సంగతి, అంతా చెప్పేశాడు.

మందాకిని విన్నది. లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టి వచ్చింది.

"చెరిగినవి తిరిగి చదవలేను," అంది. "పైడిరాజుగారూ, ఇప్పుడు జాగ్రత్తగా వినండి. ఆవిరితో నా యంత్రాన్ని మోసం చెయ్యొచ్చని నేను ఈ కాగితంమీద రాశాననుకోండి. మీ అరవై మూడూ రేపు పొద్దున కొలిమిలో ఉంటాయి. రాష్ట్రంలో ఇంతవరకూ నేను సర్టిఫికెట్ ఇచ్చినవన్నీ వాటి వెనకే వెళతాయి."

"రాయకపోతే?"

"రాయకపోతే, వాటిని ఎవరూ ముట్టుకోలేదు."

పైడిరాజు ఎవరిమాటా వినని మొండివాడని రేవులో పేరు. ఆ గదిలో ఆ మొండితనానికి కాలు మోపడానికి చోటు దొరకలేదు. నిజం చెబితే పటాలం బూడిద. నోరు మూసుకుంటే పటాలం పదిలం, నరసమ్మ లేదు.

"రాయకండి," అన్నాడు.

"నలభై ఒకటిని మాత్రం తొట్టెలో వెయ్యాలి. లెక్క సరిపోవాలి," అంది ఆమె. నీలం తొట్టెవైపు నడిచింది. టక్కుమని చప్పుడయింది. పైడిరాజు కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి బల్ల అంచున కూర్చున్న బూడిదరంగు బొమ్మ లేదు. నలభై ఒకటో వాడు అతని ముందు ఉన్నాడు. మందాకిని అటు తిరిగి ఏదో రాసుకుంటోంది. అతను బొమ్మను తీసి జేబులో వేసుకుని, బయటికి నడిచాడు.

మినహాయింపు పొందిన బొమ్మలను భద్రపరిచే ఆటవస్తువుల భవనంలో అంగారక పటాలానికి ప్రత్యేకంగా ఒక హాలు ఇచ్చారు. గాజుపెట్టెలో గాలి తీసేసి నైట్రోజన్ నింపి సీలు వేశారు. రెండు వందల ఏళ్ళు తెరవక్కర్లేదట. పెట్టె కింద పలక: మానవహస్తం సోకని ఏకైక పటాలం. జోగినాయుడు కూడా వచ్చి, దండ వేసి, "గెలిచినావు బావా," అని కావలించుకున్నాడు. జేబులోని బొమ్మ ఎక్కడ గుచ్చుకుంటుందోనని పైడిరాజు వెనక్కి జరిగాడు.

ఆ తర్వాత అతను రోజూ మధ్యాహ్నం హాలుకి వస్తున్నాడు. భవనంలో కాపలా ఉండే ఆవిడకి అతనంటే గౌరవం. ఎవరు వచ్చినా చూపిస్తుంది. ఆరోజు ఒక కుటుంబం వచ్చింది. కాపలా ఆవిడ పలక చదివి వినిపించి, "ఈ పెద్దాయనవే ఇవన్నీ. ఇరవై రెండేళ్ళు ఇంట్లో దాచినాడు," అంది.

వచ్చిన ఇల్లాలు గాజుకి దగ్గరగా వంగి చూసి, నమ్మకం కుదరక ఇటు తిరిగింది. "నిజంగానా తాతగారూ? ఇరవై రెండేళ్ళు ఎవరూ ముట్టుకోలేదా? ఇంట్లో ఆడవాళ్ళు దుమ్మయినా దులిపి ఉండరూ?"

హాల్లో అందరూ అతనివైపే చూస్తున్నారు. పైడిరాజు చెయ్యి జేబులోని నలభై ఒకటో వాడి చుట్టూ బిగుసుకుంది.

"లేదమ్మా," అన్నాడు. "ఎవరూ ముట్టుకోలేదు."

ఆవిడ మెచ్చుకోలుగా తల ఊపి, పిల్లల్ని పిలుచుకుని ముందుకు సాగిపోయింది. కాపలా ఆవిడ గోడవారనున్న స్టూలు తెచ్చి అతని పక్కన వేసింది.

"వచ్చిన్నుంచీ నిలబడే ఉన్నావు. కాసేపు కూర్చో తాతా."

పైడిరాజు కూర్చోలేదు.