గేటు కాడ గొంతు

మీర్‌పేటలో ఓ సందు చివరి ఇంటిని పగలు చూస్తే జాలేస్తుంది. అన్నదమ్ముల తగాదాలో తాళం పడి, గోడలకు పాచి పట్టి ఉంటుంది. రాత్రి మాత్రం... అంబులెన్సు డ్రైవర్లు దాని ఊసెత్తితే చాలు, మాట మార్చేస్తారు.

వాన పడి కరెంటు పోయిందంటే ఆ ఇంటికి అంబులెన్సు కావాలని యాప్‌లో బుకింగ్ వచ్చేది. ఆదరాబాదరాగా వెళ్తే — తాళం. చీకటి. మనిషి జాడే ఉండదు. ఒకసారి తిరుపతి అనే డ్రైవర్‌కి అక్కడే ఫోన్ వచ్చిందట. ఎవరో ఏడుస్తూ, "గేటు ముందే ఉన్న... నువ్వేడున్నవ్?" అన్నారట. అతనూ గేటు ముందే ఉన్నాడు! మూడు రోజులు జ్వరంతో మూలిగాడు.

అప్పటినుంచి డ్రైవర్లంతా ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఆ ఇంటి బుకింగ్ వస్తే బండి దిగొద్దు, ఫోన్ ఎత్తొద్దు. 'పేషెంటు లేరు' అని నొక్కేసి వచ్చేయాలి. దెయ్యానికి కూడా యాప్‌లోనే జవాబిచ్చిన ఘనులు మనవాళ్లు.

ఇదంతా నాకు ఎల్బీనగర్‌లో చాయ్ తాగుతుంటే ఉపేందర్ చెప్పాడు. అతనూ ఆ యాప్ నడిపే అంబులెన్సు కంపెనీలో డ్రైవరే. చెబుతున్నంతసేపూ గ్లాసు ముట్టలేదు.

ఓ రాత్రి మళ్లీ అతని వంతు వచ్చింది. గేటు ముందు బండి ఆపి అద్దాలు బిగించుకున్నాడు. బయట వాన.

ఫోన్ మోగింది. ఎత్తలేదు. ఆగి మళ్లీ మోగింది... మళ్లీ... తొమ్మిదిసార్లు. దెయ్యమైతే మాత్రం ఇంతలా బతిమాలుతుందా అనిపించి, పదోసారి ఎత్తాడు.

"అన్నా..." ఆడగొంతు, గుసగుసగా. "ఏడిదాక వచ్చినవ్?"

"గేటు కాడనే ఉన్న."

"నేను గూడ గేటు కాడనే ఉన్న గదన్నా... బండి కనిపిస్తలేదు."

ఫోన్ పెట్టేయబోయి, ఆగాడు.

"గంత మెల్లగ ఎందుకు మాట్లాడుతున్నవమ్మా?"

"లోపల మా ఆయనున్నడు. ఛాతీల నొప్పి... నేను భయపడుతున్నట్టు ఆయనకు తెల్వొద్దని."

ఉపేందర్ గేటుకున్న తాళం వైపు చూశాడు. "అమ్మా... మీ ఇల్లేడ?"

"తుర్కయంజాల్."

అంత దూరానికి బండి ఎలా తిప్పాడో, ఎంత స్పీడుగా పోయాడో అతనికే తెలియదట. దశరథ అనే ఆ మనిషిని దవాఖానకు చేర్చేసరికి కొనఊపిరితో ఉన్నాడు. బతికాడు. భార్య అరుణశ్రీ ఉపేందర్ చేతులు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

తెల్లారి కంపెనీ ఆఫీసుకు పోయి ఉపేందర్ గొడవ చేశాడు. యాప్ రాసిన అభిరామ్ కంప్యూటర్ తెరిచి చూసి తెల్లబోయాడు. బుక్ చేసినవాళ్ల ఫోన్ ఎక్కడుందో యాప్‌కి అందకపోతే వాడుకోమని, ట్రయల్ కోసం అతనే ఒక అడ్రసు రాసిపెట్టాడు. అప్పట్లో కిరాయికున్న మీర్‌పేట ఇల్లు. తీసేయడం మరిచిపోయాడు. కరెంటు పోయి సిగ్నల్ సరిగా లేక, ఫోన్ జాడ అందనప్పుడల్లా బుకింగులు అక్కడికే పోతున్నాయి.

"టెస్ట్ చెయ్యలేదా తమ్ముడూ?"

"చేశానన్నా... ఇంట్లో కూర్చునే చేశాను. ప్రతిసారీ కరెక్టుగానే చూపించింది."

ఆ ఇంట్లోనే కూర్చుని నొక్కితే ఆ ఇల్లు కాక ఇంకేం చూపిస్తుంది! వింటుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

దెయ్యం లేదని తేలితే ఎవరైనా ఊపిరి పీల్చుకుంటారు. ఉపేందర్ పీల్చుకోలేదు. ఆ ఇంటి పేరుతో వచ్చిన పాత బుకింగులన్నీ బయటికి తీయించాడు. పదకొండు. వాటిలో మూడింటికి వెళ్లింది తనే. ఫోన్ ఎత్తకుండా 'పేషెంటు లేరు' అని నొక్కింది తనే. ఆ మూడింట్లో మొదటి నంబరుకు చేశాడు.

"ఎవరు?" ముసలి గొంతు.

"అంబులెన్సు డ్రైవర్‌ను పెద్దాయనా. గా వాన రాత్రి మీరు..."

"ఇప్పుడు చేస్తున్నవా బిడ్డా," అన్నాడు ముసలాయన. "నా కొడుకు నెల మాసికం గూడ అయిపాయె."