మేడమ్ అడిగిన డౌటు

"మీ మూలాన నా క్లాసులో ఒక్కరూ తలెత్తడం లేదండి," అంది అనూరాధ, స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడి. "అందరూ బెంచీ కింద ఫోన్లు ఎట్టుకుని మీ ఫిజిక్సు వీడియోలు సూస్తన్నారు."

ఆనంద్‌కుమార్ లేచి నిలబడ్డాడు. విజయనగరం శివార్లలోని ఆ యూనివర్సిటీలో లెక్కలు చెప్పడానికి ఒకామె చేరిందని విన్నాడు గాని, చూడడం ఇదే మొదలు.

"బాగున్నాయన్నారా?"

"నేను దెబ్బలాటకొచ్చానండి. మెచ్చుకోడానికి కాదు."

అది 2017 జూలై. ఫోన్లలో డేటా అప్పుడే చవకైంది. ఆనంద్ పాఠాన్ని ముందురోజే వీడియో తీసి పిల్లలకు పంపేవాడు. అర్థం కానిచోట వాళ్ళు ఎర్ర గుర్తు పెట్టేవారు. ఆ ముక్కను వాళ్ళు సరే అనేదాకా అతను మళ్ళీ చెప్పాలి. గుర్తు చెరిపే హక్కు సార్‌కి లేదు. ఈ నియమం తనకు తానే పెట్టుకున్నాడు.

నెల తిరక్కుండా అనూరాధ కూడా ఆ వీడియోల్లోకి వచ్చింది. తరంగాల పాఠం ఇద్దరూ కలిసి చెప్పారు. అతను నీళ్ళ తొట్టిలో గోళీ వేసేవాడు. ఆ అలకు ఆమె బోర్డు మీద సమీకరణం రాసేది. రాస్తూ ఒకసారి వెనక్కి చూసేది. అతనికి చెప్పబోయే మాట గుర్తొచ్చేది కాదు.

"సార్, మేడమ్ పక్కనుంటే మీకేటవుతాది?" అని అడిగేది ధనలక్ష్మి. వీడియోలు కూర్చేది ఆ విద్యార్థినే. సాలూరు లారీ ఓనరు కూతురు, మొహమాటం ఎరగదు.

అక్టోబరులో వాయుగుండం పట్టింది. ఒకరోజు రికార్డింగు మధ్యలో ల్యాబు రేకుల మీద వాన మొదలైంది. తగ్గేదాకా ఆగుదామని ఇద్దరూ కిటికీ దగ్గరికి వెళ్ళారు. కాలరు మైకులు తియ్యలేదు. కెమెరా ఆపలేదు.

అనూరాధ చెయ్యి బయటికి చాపింది. చినుకులు వేళ్ళ మీద నుంచి మోచేతికి జారాయి. ఆమె తుడుచుకోలేదు. ఈ వాన ఇలాగే ఉండిపోతే బాగుండుననుకున్నాడు ఆనంద్.

"నాకు కర్నూల్లో ఉద్యోగం వచ్చిందండి. పర్మినెంటు. వచ్చేవారం చేరాలి."

"మీరెల్లిపోతే తరంగాలెవరు సెప్తారు?"

"పాఠం కోసమేనా మీ బెంగ?"

అతను నోరు తెరిచాడు. ఇక్కడ ఇద్దరివీ కాంట్రాక్టు ఉద్యోగాలు. మనసులో మాట చెబితే ఆమె కాళ్ళకు అడ్డం పడ్డట్టవుతుందనిపించింది. చెప్పలేదు. వాన తగ్గింది. ఆమె గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు శనివారం. ధనలక్ష్మి ల్యాబుకి వచ్చి ఫోను చూపించింది. ఆమె వెనకే అనూరాధ వచ్చింది.

తెర మీద కిటికీ, వాన, ఇద్దరి వీపులు. "పాఠం కోసమేనా మీ బెంగ?" అన్న గొంతు. తర్వాత వాన చప్పుడే. ఆ చప్పుడు మీద ఎర్ర గుర్తు.

ఆనంద్‌కి చెవులు కాలాయి. "ఇది క్లాసుకి పంపించేవా?"

"అంత ఎర్రిదాన్నా సార్? సరిసూడమని మేడమ్‌కొక్కరికే పంపించేను."

"మరి ఇలాటిదానికి గుర్తేటి? ఇది సిలబస్‌లో లేదు కదా?"

"నేనెట్టలేదు సార్. మేడమే ఎట్టేరు." ధనలక్ష్మి తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

అనూరాధ బల్లకు ఆనుకుని నిలబడింది. తొందరపెట్టలేదు.

"పాఠం కోసం కాదండి," అన్నాడు ఆనంద్. "మీరు కర్నూలు ఎల్లండి. ఎల్లాలి. నేను కూడా అటేపు పని సూసుకుంటాను. మిమ్మల్ని పెళ్ళి సేసుకోవాలని ఉన్నాది నాకు."

"నిన్న సెప్పడానికేటి?"

"నా కోసం ఉద్యోగం మానేస్తారేమోనని..."

"మానేస్తానా? ఏటనుకుంటన్నారండి నన్ను?" ఆమె నవ్వింది. నవ్వు ఆగాక కూడా అతన్నే చూస్తూ నిలబడింది. "రేపు మధ్యాహ్నం మా నాన్న కిరాణా కొట్టు కట్టేస్తారు. కొత్తవలసలో దిగి ఎవర్నడిగినా ఇల్లు సూపిస్తారు."

"వచ్చి ఏటి సెప్పాలి?"

"ఇప్పుడు నాతో సెప్పిందే. మధ్యలో ఊపిరి తీసుకోకండి. సందు దొరికిందంటే మా నాన్న కందిపప్పు ధరల కబురు ఎత్తుతారు. ఇంక మీ మాట సాయంత్రం దాకా రాదు."