బార్లీ పొట్ట మీది చెయ్యి

రండి, దగ్గరికి జరగండి. తడి బూట్లు గుమ్మం దగ్గరే విప్పి, హీటరు పక్కన కూర్చోండి. నేను గట్టిగా చెప్పను. ఇది గట్టిగా చెప్పే కథ కాదు.

మన కెనడాలో, ఈ మానిటోబాలోనే, గోధుమ చేల మధ్య ఒక ఊళ్ళో పశువుల ఆసుపత్రి ఉండేది. అక్కడ ఎక్స్‌రేలు తీసేది వెర్నా. పంతొమ్మిదేళ్ళుగా అదే పని. ఆ గదికి ఒక కట్టుబాటు ఉంది. జంతువుకు మత్తు ఇచ్చి పడుకోబెట్టాక మనుషులందరూ గోడ వెనక్కి వెళ్ళిపోవాలి. బొమ్మలో మనిషి చెయ్యి పడిందా, డాక్టర్ గ్రేటా ఊరుకోదు.

జనవరి నెల, మధ్యాహ్నం. బయట మంచు తుఫాను. ఆర్విల్ అనే ముసలి రైతు తన కుక్క బార్లీని దుప్పట్లో చుట్టి తెచ్చాడు. నాలుగు రోజులుగా తాగిన నీళ్ళు కూడా కక్కేస్తోంది.

“ఏదో మింగింది,” అంది గ్రేటా, పొట్ట నొక్కి చూసి. “ఎక్కడ ఇరుక్కుందో కనపడితే కోసి తీసేస్తాను. ఈలోపు పేగుకు చిల్లు పడితే మాత్రం కష్టం.”

“బతికించు తల్లీ. ఇంట్లో నా మీద అరవడానికి ఇదొక్కటే మిగిలింది,” అన్నాడు ఆర్విల్.

బార్లీకి మత్తు ఇచ్చి, అందరూ గోడ వెనక్కి వెళ్ళాక మొదటి బొమ్మ తెర మీదికి వచ్చింది. బార్లీ పొట్ట మీద తెల్లగా అయిదు వేళ్ళ ఎముకలు.

“చెయ్యి తియ్యమని నీక్కూడా చెప్పాలా వెర్నా?”

“నీ పక్కనే ఉన్నాను కదా గ్రేటా...”

మళ్ళీ తీశారు. ఈసారి ఆ చెయ్యి పిడికిలి బిగించి ఉంది. అదే చోట.

స్కానింగ్ పెట్టి చూశారు. పొట్టంతా బూడిదరంగులో కదులుతోంది, ఆ చెయ్యి ఉన్న చోట మాత్రం నల్లటి మచ్చ, కింద ఏముందో కనపడదు. సీటీ స్కానుకు విన్నిపెగ్ పట్నం పోవాలి. రోడ్డు మూసేశారు.

గదిలో తడి బొచ్చు వాసన. మిషను సన్నటి రొద. బార్లీ ఊపిరి తగ్గుతోంది.

వెర్నా గోడ దాటి బయటికి వచ్చింది.

“వద్దు,” అంది గ్రేటా.

వెర్నా వినలేదు. కుడిచెయ్యి బార్లీ పొట్ట మీద ఆనించింది. అక్కడ ఏమీ లేదు. తరవాత... ఉంది. చల్లగా. ఎముకలు కొరికే చల్లదనం.

“దొరికింది,” అని గొణిగింది. “పక్కకి లాగుతున్నాను. బొమ్మ తియ్యి.”

మూడో బొమ్మలో వెర్నా వేళ్ళ మధ్య ఇంకెవరివో వేళ్ళు పెనవేసుకుని ఉన్నాయి. వాటి కింద, ఖాళీ అయిన చోట, గళ్ళు గళ్ళుగా మొక్కజొన్న కండె ముక్క.

గంటలో కోసి తీసేశారు. చీకటి పడే వేళకు బార్లీ కళ్ళు తెరిచి, ఆర్విల్‌ను చూసి గుర్రుమంది. ముసలాయన కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

ఇంటికి బయల్దేరుతూ వెర్నా ఉన్ని తొడుగులు వేసుకోబోయింది. ఎడమ చేతికి ఎప్పటిలాగే ఎక్కింది. కుడిచేతికి ఎక్కలేదు. ఎంత లాగినా సగంలోనే ఆగిపోయింది... లోపల ఇద్దరికి చోటు చాలనట్టు.

సరే, లేవండి. మీ అమ్మలు సూపు కాచి ఎదురు చూస్తుంటారు. వెళ్ళి తినండి. అరె, చేతులు అలా జేబుల్లో దాచుకుంటారేం?