టోపీ మింగిన విమానం

మొక్కుకుని తీర్చకపోతే మేరీమాత గుర్తుపెట్టుకుంటుందా?

ఇన్‌స్పెక్టర్ లబాదికి ఈ అనుమానం ఆరేళ్లుగా ఉంది. స్నేహితుడు విదాల్ కాంకార్డ్ విమానంలో మొదటిసారి ధ్వని వేగాన్ని దాటి ఎగిరిన రోజున, అతను క్షేమంగా దిగితే దోరాద్ చర్చిలో కొవ్వొత్తి వెలిగిస్తానని మొక్కుకున్నాడు. విదాల్ దిగాడు. లబాది పనుల్లో పడి మరిచాడు. గుర్తొచ్చేసరికి సిగ్గేసి వాయిదా వేశాడు.

ఇప్పుడు విదాల్ తులూజ్‌లో విమానాలు నిలిపే హ్యాంగర్ వెనక గదిలో వెల్లకిలా పడి ఉన్నాడు. మెడలో ఒక పోటు. ఛాతీలో మూడు. గోడ మీదికి చిమ్మిన రక్తం ఇంకా ఆరలేదు.

సన్నటి కత్తి అన్నాడు డాక్టర్. చనిపోయి గంటో, గంటన్నరో అయిందన్నాడు.

శవం పక్కన దొరికినవాడు మెకానిక్ సబతియే. మోచేతుల దాకా రక్తం.

"పొద్దున విదాల్‌ని చంపుతానన్నావా?"

"అన్నాను. మా ఆవిడతో కూడా వారానికి రెండుసార్లు అంటాను సార్. ఆవిడ బానే ఉంది."

"ఈ రక్తం?"

"ప్రాణం ఉందేమోనని లేపి చూశాను."

"నీ కత్తి?"

"మీవాళ్లే తీసుకున్నారుగా. తల కూడా తీసుకోండి, పనైపోతుంది."

దేశంలో తల నరికే గిలటిన్ శిక్ష ఇంకా ఉంది. లబాదికి నవ్వు రాలేదు.

సబతియే కత్తి మీద రక్తం లేదు. కడిగేశాడన్నాడు దర్యాప్తు చూస్తున్న జడ్జి. సోమవారానికి కేసు ముగించమన్నాడు.

ఇంకొకడి మీద అనుమానం లేకపోలేదు. ప్రయాణికులతో ఎగరబోయే తొలి విమానంలో ఫ్లైట్ ఇంజనీరుకు ఒకటే సీటు. అది విదాల్‌కు దక్కింది. అతను పోతే రెండో ఇంజనీరు క్లోవిస్ పెరాల్‌కు దక్కుతుంది. కానీ శవం కనబడినప్పుడు క్లోవిస్ ఆకాశంలో ఉన్నాడు. హత్య తర్వాత అరగంటలోపే టెస్ట్ ఫ్లైట్ ఎక్కాడు. శవం సంగతి రేడియోలో విన్నాడు. దిగగానే అతన్నీ విమానాన్నీ అంగుళం వదలకుండా వెతికారు. కత్తి లేదు. విమానానికి సీలు వేశారు.

మర్నాడు క్యాంటీన్‌లో క్లోవిస్ సాసేజ్ కోసుకుంటున్నాడు. వెయిటర్ ఇచ్చిన కత్తితో.

"నీ కత్తేదీ?"

"ఇంట్లో మరిచిపోయానండీ."

లబాది తలూపి వెళ్లిపోయాడు. ఆ ప్రాంతపు మగవాడు ప్యాంటు మరిచిపోతాడేమో గానీ, తండ్రి ఇచ్చిన మడత కత్తి లేకుండా భోజనానికి కూర్చోడు.

ఆ సాయంత్రం విదాల్ ఇంటికి వెళ్లాడు. భార్య సోలాంజ్ ఒళ్లో భర్త టోపీ ఉంది. అప్పడంలా అణిగిపోయి ఉంది.

"ఇదేంటి సోలాంజ్ గారూ, ఇలా అయింది?"

"విమానం మింగిందనేవారు." ఆమె ఏడుస్తూనే నవ్వింది. "అంత వేగానికి దాని ఒళ్లు కాలి జానెడు సాగుతుందట. ఇంజనీరు సీటు పక్కన ప్యానెల్‌కీ గోడకీ మధ్య సందు తెరుచుకుంటుందట. సరదాకి టోపీ దూర్చి, తీయడం మరిచారు. దిగేసరికి చల్లబడి సందు మూసుకుంది. మళ్లీ ఎగిరేదాకా బోడితలతోనే తిరిగారు."

లబాది కాఫీ తాగకుండానే లేచాడు.

శుక్రవారం సీలు తీయించి విమానాన్ని మళ్లీ ఎగరమన్నాడు. ఇంజనీరు సీట్లో కావాలనే క్లోవిస్‌ని కూర్చోబెట్టాడు. వెనక సీట్లో లబాది. క్యాబిన్‌లో అవసరానికి మరో ఇంజనీరు.

విమానం సముద్రం మీదికి చేరింది. వేగం ధ్వనికి రెండింతలైంది. కిటికీ అద్దం చేతికి వేడిగా తగిలింది. ప్యానెల్ పక్కన సందు మెల్లగా తెరుచుకుంది.

"క్లోవిస్, అందులో ఏముంది?"

క్లోవిస్ చెయ్యి లోపలికి దూరింది. బయటికి వచ్చేసరికి అందులో కొమ్ము పిడి కత్తి. మడత విప్పి విసురుగా తిప్పాడు. లబాది అరచెయ్యి ఈ చివరి నుంచి ఆ చివరికి చీలింది. రక్తం డయల్స్ మీద చిందింది.

లబాది అతని జుట్టు పట్టి ప్యానెల్‌కేసి కొట్టాడు. ఒకసారి. రెండోసారికి ముక్కు పగిలిన చప్పుడు వినబడింది. కో-పైలట్ వెనక్కి తిరిగి మణికట్టు మెలితిప్పాడు. కత్తి కింద పడింది. క్యాబిన్‌లోంచి వచ్చిన ఇంజనీరు క్లోవిస్‌ని పక్కకు లాగి సీటు అందుకున్నాడు.

కత్తి మడతలో ఎండిన రక్తం నల్లగా ఉంది.

"నేల మీద ఈ సందులో కాగితం కూడా దూరదు," అన్నాడు లబాది, రొప్పుతూ. "పోయినసారి ఇది తెరుచుకున్నప్పుడు ఈ సీట్లో ఉన్నది నువ్వు. సబతియే కింద నా ఎదురుగా బేడీలతో ఉన్నాడు. ఈ కత్తిని ఇందులో పెట్టగలిగినవాడివి నువ్వొక్కడివే."

క్లోవిస్ పళ్ల మధ్య నుంచి రక్తం ఉమ్మాడు. "అందర్నీ వెతుకుతున్నారని రేడియోలో చెప్పారు. మళ్లీ ఎగిరినప్పుడు తీసుకుందామనుకున్నా."

"దిగాక నీ చేతికి అందదని తెలిసీ? అసలు ఎక్కేముందే ఏ మురిక్కాలవలోనో పడెయ్యాల్సింది."

"మా నాన్నది." క్లోవిస్ తల దించుకున్నాడు. "పారేయబుద్ధి కాలేదు."

సాయంత్రం సబతియేని వదిలిపెట్టారు.

"నా కత్తి ఇప్పించండి సార్, ఆకలేస్తోంది," అన్నాడు. తర్వాత లబాది చేతికట్టు చూసి గొంతు తగ్గించాడు. "మీరు కూడా తినండి. మొహం పాలిపోయింది."

లబాది దోరాద్ చర్చికి నడిచాడు. నల్లటి మేరీమాత విగ్రహం ముందు ఎవరూ లేరు. ఒక కొవ్వొత్తి కొన్నాడు. విదాల్ ఆత్మ కోసం ఇంకో కొవ్వొత్తి కొందామనుకుని ఆగాడు. దానికి రేపు రావచ్చు. మొక్కుకున్నది ఒకటే.

కుట్లు పడిన చేత్తో అగ్గిపుల్ల గీయడం కష్టమైంది. మూడోది అంటుకుంది.

"దిగాడు తల్లీ," అన్నాడు. "ఆ రోజు క్షేమంగానే దిగాడు."

కొవ్వొత్తి నిలకడగా వెలగడం మొదలయ్యాక, లోపలికొస్తూ తీసిన తన టోపీ పెట్టుకున్నాడు.