క్రిస్టీనా కుడికన్ను

"టార్గెట్ పేరు యోనా," ఫోన్‌లో చీఫ్ గొంతు పొడిగా పలికింది. "యోనా ప్రవక్త మీద అయిదొందల ఏళ్ళ నాటి లూథరన్ వ్యాఖ్యానం. మీ ప్రత్తిపాడు చర్చి బీరువాలో ఉంది. విదేశీ ముఠా దాని కోసం దిగింది. మన ఆపరేషన్ కోడ్ నేమ్ తిమింగలం. త్రినాథ్ ప్రొఫెసర్ వేషంలో వెళ్తాడు. నువ్వు మిర్చి కమీషన్ ఏజెంటువి. ముఠాలో మన మనిషి క్రిస్టీనా అక్కడే ఉంటుంది."

ఏజెంట్ ప్రసన్నకుమార్ పళ్ళు నూరాడు. పదేళ్ళ సర్వీసులో సూటు ఎప్పుడూ త్రినాథ్‌దే, తువ్వాలు ఎప్పుడూ తనదే.

ప్రత్తిపాడు చేరి క్రిస్టీనాని చూశాక ఆ కుళ్ళు రెండింతలైంది. అంత అందగత్తె ఒక్కసారీ తనవైపు చూడలేదు. మాటలన్నీ త్రినాథ్‌తోనే, నవ్వులన్నీ త్రినాథ్‌కే.

ఆ రాత్రి పదకొండింటికి బీరువాకి పెట్టిన సెన్సర్ మోగింది. పరుగెత్తుకెళ్ళేసరికి బీరువా ఖాళీ. చర్చి కాపలాదారు మరియదాసు నేలమీద కూలబడ్డాడు.

"తుఫానులో నెత్తిన పెట్టుకుని కాపాడామండి దాన్ని. సంఘానికి నా మొహం ఎట్టా చూపించనండి?"

గుమ్మంలో క్రిస్టీనా ఏడుస్తోంది. "బైకు మీద ఎవడో... చీరాల వైపు..."

త్రినాథ్ కర్చీఫ్ తీసి ఆమె కన్ను తుడిచాడు. "ఏడవకండి. పట్టుకుంటాం."

ప్రసన్నకుమార్ కుళ్ళుతో మరో అడుగు దగ్గరికి జరిగాడు. వాడు తుడుస్తున్న ఆ కంటినే గుడ్లప్పగించి చూశాడు. చూస్తూ చూస్తూ ఆగిపోయాడు.

నీరు కారుతున్నది కుడికన్ను ఒక్కటే. రెప్ప వాచింది. ఎడమకన్ను పొడిగా ఉంది.

అతని తల్లి కొండమ్మ మిరప కోతలకెళ్ళి అతన్ని చదివించింది. కొత్తగా కోతకొచ్చిన కూలీలు చెయ్యి కడుక్కోకుండా కన్ను నలుపుకుని ఇలాగే ఏడవడం చిన్నప్పటి నుంచీ చూశాడు. బీరువాలో మిరపకాయలు లేవు. గేటు బయట మిర్చి టిక్కీల లారీ ఉంది, గోనె బస్తాలన్నీ చెన్నై పోర్టుకి. అప్పుడే దాని ఇంజన్ స్టార్టయింది.

"లారీ ఆపండ్రా," అంటూ దూకాడు.

క్రిస్టీనా పిస్టల్ తీసి అతని వీపుకి గురిపెట్టింది. కుడికన్ను తెరుచుకోలేదు. గుండు చర్చి గంటకి తగిలి ఠంగుమంది. పక్కనే ఉన్న త్రినాథ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఎటూ పట్టుకోవాలనే ఉంది వాడికి.

కదులుతున్న లారీకి ప్రసన్నకుమార్ అడ్డం నిలబడ్డాడు. బంపరు చొక్కాకి ఆని ఆగింది. పైకెక్కి కొత్తగా కుట్టిన టిక్కీని కోసి, ఎర్రటి కాయల అడుగునుంచి ప్లాస్టిక్ కవరులోని యోనాని బయటికి లాగాడు. మరియదాసు దాన్ని గుండెకి హత్తుకుని నిజంగా ఏడ్చాడు, రెండు కళ్ళతోనూ.

"శభాష్. నీ చూపు అమోఘం," అన్నాడు చీఫ్ ఫోన్‌లో.

"ఆమెని ఢిల్లీకి నేను తీసుకొస్తా సార్."

"వద్దు. నువ్వు ఆ మిరపకాయల పంచనామా చూడు."

రైల్లో ముప్ఫై గంటల ప్రయాణం. బేడీలో ఒక కొస క్రిస్టీనా మణికట్టుకి, రెండోది త్రినాథ్ మణికట్టుకి వేశారు. పుస్తకాన్ని కాపాడింది తను, బేడీలు పడ్డది మాత్రం ఆ అదృష్టవంతుడికి.