ఐదున్నర వేళ ఆకలి

బోరమ్ తూకం యంత్రం ఎక్కేసరికే మేనత్త పిల్నమ్ కళ్ళజోడు సవరించుకుని గోడ పక్కన సిద్ధంగా నిలబడి ఉంది.

"కదలకు. ఊపిరి బిగబట్టినంత మాత్రాన తగ్గిపోవు. ఆఁ, ఎంత? ఎనభై మూడు పాయింట్ నాలుగు!" పైకి చదివి, వంటింట్లోకి వినపడేలా గొంతు పెంచింది. "సున్‌దక్, విన్నావా? మూడు వారాలకి నీ కూతురు తగ్గింది ఆరు వందల గ్రాములు. తడి జుట్టు ఆరబెట్టుకున్నా అంతే తగ్గుతుంది!"

"పొద్దున్నే మొదలెట్టకండి వదినా. దాన్ని పనికి వెళ్ళనివ్వండి," అంది సున్‌దక్, మధ్యాహ్నం డబ్బాలో బార్లీ అన్నం పక్కన ఆకుకూర సర్దుతూ.

 బోరమ్, ముప్పై రెండేళ్ళ మనిషి, ఓడరేవులో దీవులకి వెళ్ళే సరుకంతా తన చేతుల మీదుగా దాటించే మనిషి, తన ఇంట్లో తూకం యంత్రం మీంచి దొంగలా దిగి చెప్పులేసుకుంది. తండ్రి చాంగ్‌సిక్ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని కూతుర్ని చూసీ చూడనట్టు చూశాడు. ఉబ్బిన పొట్ట మీద చేతులు పెట్టుకున్నాడు.

ఆయన కాలేయం పాడైపోయి రెండేళ్ళయింది. చిన్నప్పుడెప్పుడో అంటిన కామెర్ల జబ్బు లోపల్లోపల పనిచేసుకుంటూ పోయి, అరవై దాటాక బయటపడింది. ఇక మందులతో కాదు, ఎవరైనా తమ కాలేయంలో ముక్క ఇవ్వాల్సిందే అన్నారు గ్వాంగ్జు నగరంలోని పెద్దాసుపత్రిలో. సున్‌దక్ రక్తం కలవలేదు. పిల్నమ్ వయసు దాటిపోయింది. మిగిలింది ఒక్కగానొక్క కూతురు. అన్నీ సరిపోయాయి, ఒక్కటి తప్ప.

"మీ కాలేయంలో మూడో వంతు దాకా కొవ్వే ఉందమ్మా. ఇలా కోస్తే మీకూ ప్రమాదం, మీ నాన్నగారికీ ఉపయోగపడదు. రెండు నెలల్లో ఏడెనిమిది కిలోలు తగ్గండి, అప్పుడు మళ్ళీ చూద్దాం," అంది డాక్టరమ్మ.

ఆ రోజు బస్సులో తమ రేవు ఊరు మొక్పోకి తిరిగొస్తూ బోరమ్ దేవుడికి కాదు, తనకి తనే దండం పెట్టుకుంది. ఒక్క రెండు నెలలు, నోరు కట్టేసుకోవే, అని.

నోరు కట్టేసుకోవడం పొద్దున్న కష్టం కాలేదు, మధ్యాహ్నమూ కాలేదు. కష్టమంతా సాయంత్రం ఐదున్నరకే. ఆఖరి ఓడ కూత వేసి వెళ్ళిపోయాక, ఉల్లిపాయల బస్తాలూ గ్యాసు పొయ్యిల పెట్టెలూ తోసితోసి భుజాలు లాగేస్తుంటే, పొట్టలో ఏదో మూత తెరుచుకున్నట్టయ్యేది. అది మామూలు ఆకలి కాదు. కళ్ళల్లో నీళ్ళు తెప్పించే ఆకలి.

సరిగ్గా ఆ వేళకి రేవు గేటు బయట బెంచీ మీద నాన్న కూర్చుని ఉండేవాడు.

"నడవమన్నారు కదా డాక్టర్లు, ఇటు నడిచాను," అనేవాడు. ఒళ్ళో ఒక కాగితం పొట్లం ఉండేది. వీధి చివర బండి మీద కాల్చే బుంగొప్పాంగులు. చేప ఆకారపు చిన్న రొట్టెలు, లోపల తియ్యటి ఎర్ర చిక్కుడు ముద్దతో, పొగలు కక్కుతూ.

"నాన్నా, వద్దు. అత్త చంపేస్తుంది."

"అత్తకి చెప్పేదెవరు? ఒకటి తిను. మొహం చూడు, పీక్కుపోయింది."

ఒకటి తినేది. రెండోది ఆయనే చేతిలో పెట్టేవాడు. మూడోది చల్లారిపోతే పారెయ్యాలి కదా అనేవాడు. పక్కన కూర్చుని, తను తినేదాకా ఆయన చూసే చూపుకి బోరమ్ కాదనలేకపోయేది. జబ్బుమనిషి, ఇన్ని అడుగులు నడిచి తెచ్చాడు, ఎన్నాళ్ళుంటాడో ఏమో. ఆ ఆలోచన రాగానే ఇంకొకటి నోట్లో పెట్టుకునేది. ఖాళీ పొట్లాలు మడిచి కోటు జేబులో కుక్కి, ఇంటికొచ్చి అందరి ముందూ బుద్ధిగా సగం గిన్నె అన్నం తినేది.

నాలుగో వారం శనివారం నాడు మధ్యంతర పరీక్షకి వెళ్ళారు. డాక్టరమ్మ తెర మీది బొమ్మ చూసి పెదవి విరిచింది. "పెద్దగా మారలేదు. మీరు ప్రయత్నించడం లేదని నేననను. కానీ మీ నాన్నగారికి వేచి ఉండే సమయం తక్కువ. ఇంకో నెల చూద్దాం. కాకపోతే మరణించిన దాతల జాబితా మీదే ఆశ పెట్టుకోవాలి."

ఆ జాబితా ఎంత పొడవో ఆ గదిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు.

బస్సులో ఇంటికొచ్చారు. లోపలికి రాగానే పిల్నమ్ బోరమ్ కోటు తీసుకుని కొక్కేనికి తగిలించబోయింది. జేబులోంచి నూనె మరకల కాగితాలు జారి కింద పడ్డాయి. వంగి ఒక్కొక్కటే ఏరింది. నాలుగు.

"ఇవేంటే?"

బోరమ్ ఆ కాగితాలు అందుకోబోయింది.

"అడుగుతున్నది నిన్నే! మీ అమ్మ నీ కోసం ఉప్పూ నూనే మానేసి వండుతోంది, నేను మా ఇల్లు వదిలేసి ఇక్కడ పడి ఉన్నాను. నువ్వు వీధిలో నిలబడి తియ్యరొట్టెలు మేస్తున్నావా? నీ నాలుక ఎక్కువా, మీ నాన్న ప్రాణం ఎక్కువా?"

"అత్తా..."

"అత్తా లేదు గిత్తా లేదు! చెప్పు, ఏది ఎక్కువ?"

బోరమ్ తండ్రి వంక చూడలేదు. చూస్తే తెలిసిపోతుందని నేల వంక చూసింది. "నాదే తప్పు. ఆకలికి ఆగలేకపోయాను," అంది.

"దాన్ని అనకు అక్కా," అన్నాడు చాంగ్‌సిక్.

"నువ్వు ఊరుకోరా! నీ గారాబం వల్లే ఇలా తయారైంది."

"అవి కొన్నది నేను. తినిపించిందీ నేనే."

పిల్నమ్ చేతిలో కాగితాలు అలాగే ఉండిపోయాయి. సున్‌దక్ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "మీరా? పాపం ఆకలితో ఉందని కొనిపెట్టారా?"

చాంగ్‌సిక్ తల అడ్డంగా ఊపాడు. పడవల ఇంజన్లు బాగుచేసి బతికిన మనిషి, మాటలు తక్కువ. ఒక్కొక్క మాటా బయటికి లాగినట్టు చెప్పాడు. "లావుగా ఉంటే కోయరన్నారుగా. అందుకని."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. ముందు అర్థమైంది బోరమ్‌కే. నాలుగు వారాలుగా తన మీద తను పడ్డ అసహ్యం, అద్దం ముందు కార్చిన కన్నీళ్ళు, అన్నీ ఒక్కసారి తన్నుకొచ్చాయి.

"కావాలని చేశావా నాన్నా?"

"నీకు ముప్పై రెండేళ్ళు. పెళ్ళి కాలేదు, పిల్లా పీచూ లేరు. అరవై రెండేళ్ళ వాడి కోసం ఇక్కణ్ణించి ఇక్కడిదాకా కోస్తారు." తన పొట్ట మీద వేలితో గీత గీశాడు. "బల్ల మీద నీకేమన్నా అయితే? వద్దంటే మీరెవరూ వినరు. ఇదొక్కటే దారి తోచింది."

"నువ్వు పోయాక నేనేమనుకోవాలి?" బోరమ్ అరిచింది. తండ్రి మీద గొంతెత్తడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. "నేను తిండి మానుకోలేక మా నాన్నని చంపుకున్నానని అనుకోవాలి. తిన్న ప్రతి ముద్దకీ అదే అనుకోవాలి. బతికినన్నాళ్ళూ! కడుపు మీది కోత నెలకి మానుతుంది నాన్నా. ఇది మానుతుందా?"

 చాంగ్‌సిక్ ఇన్నాళ్ళూ కూతురి ఒళ్ళు గురించే ఆలోచించాడు. తను పోయాక ఆ ఒళ్ళు ఏం మోస్తుందో మాత్రం తట్టలేదు. గరుకు అరచేతులతో మొహం కప్పుకుని భుజాలు కదిలేలా ఏడ్చాడు. సున్‌దక్ వచ్చి ఆయన పక్కన కూలబడింది. పిల్నమ్ ఆ కాగితాలు ఏం చెయ్యాలో తెలియక మడతలు పెడుతూ, "ఒరే పిచ్చివాడా, పిచ్చివాడా," అంటూ ముక్కు చీదింది. తర్వాత బోరమ్ దగ్గరికొచ్చి వీపు మీద ఒక్కటి చరిచింది. "నువ్వైనా చెప్పొద్దూ, మొండి పీనుగా! నా చేత అన్ని మాటలు అనిపించుకుంటావా?" అంది. అదే ఆవిడ క్షమాపణ.

సోమవారం ఐదున్నరకి చాంగ్‌సిక్ మళ్ళీ బెంచీ మీద ఉన్నాడు. ఈసారి డబ్బాలో కీరదోస ముక్కలు. బోరమ్ అన్నీ కరకరా నమిలి, ఇంటికెళ్ళి ఆకలి తీరక కుక్కర్ ముందు నిలబడి గరిటెతో అన్నం తింది. మర్నాడు ఆయన తెచ్చిన, బరువు తగ్గేవాళ్ళు తినే కొంజాకు దుంప జెల్లీ సైకిలు ట్యూబు నమిలినట్టుంది.

"నాన్నా, దీని కంటే ఆకలే నయం," అంది బోరమ్. ఇద్దరూ నవ్వారు. ఆ గొడవ తర్వాత అదే మొదటి నవ్వు.

అప్పుడాయన పాడైన ఇంజను ముందు కూర్చున్నట్టు కూర్చున్నాడు. "సరిగ్గా చెప్పు. ఆ వేళకి నీకేం కావాలనిపిస్తుంది? తీపా?"

బోరమ్ ఆలోచించింది. "తీపి కాదేమో. వేడిగా ఉండాలి. రేవు గాలికి ఒళ్ళంతా చల్లబడి ఉంటుంది. కాసేపు నమలాలి. తిన్నాక కడుపులో ఏదో ఉన్నట్టుండాలి. ఎవరూ మాట్లాడించకూడదు."

"సరే. రేపటి నుంచి నోరు మూసుకు కూర్చుంటాను."

మర్నాడు ఫ్లాస్కు మూత తీస్తే మెత్తటి టోఫు, ఎండు చేపల చారులో పొగలు కక్కుతూ, పైన ఉల్లికాడలూ రెండు చుక్కల నువ్వులనూనే. పక్కన ఒక ఉడికించిన గుడ్డు. బోరమ్ చెంచాతో మెల్లగా తింది. సగానికొచ్చేసరికి బిగుసుకుపోయిన భుజాలు దిగాయి. ఆయన మాట ప్రకారం ఓడల వంక చూస్తూ కూర్చున్నాడు.

ఇంకో రోజు ఆవిరి పట్టిన క్యాబేజీ ఆకుల్లో సోయాముద్ద రవ్వంత రాసి, కాల్చిన చేప ముక్క చుట్టి తెచ్చాడు. ఇంకో రోజు పిడికిలంత చిలగడదుంప, కాల్చినది. దుంప రోజున గుడ్డు కూడా ఉంటేనే ఆకలి ఆగుతుందని కనిపెట్టాడు. ఉప్పు ఆయన రుచి చూడకూడదు కాబట్టి పిల్నమ్ చూసేది. "చప్పగా ఏడ్చింది. అంటే సరిగ్గా కుదిరింది!" అనేది. చేతులు వణికిన రోజున సున్‌దక్ కోసిపెట్టేది. ఆయనకి లేవలేనంత నీరసంగా ఉన్న రెండు రోజులు పిల్నమే ఫ్లాస్కు పట్టుకుని బెంచీ మీద కూర్చుంది, నోరు మూసుకుని. అది ఆవిడకి ఎంత కష్టమో బోరమ్‌కి తెలుసు.

తిన్నాక ఇంటికెళ్ళి, అడుగున వేడినీళ్ళ గొట్టాలతో వెచ్చబడ్డ నేల మీద ఇరవై నిమిషాలు పడుకునేది బోరమ్. లేచేసరికి సగం ఆకలి ఉండేది కాదు. ఇన్నేళ్ళూ ఆకలి అనుకున్న దాంట్లో సగం అలసటేనని అప్పుడు తెలిసింది. ఒక ఆదివారం మాత్రం తోటి పనివాళ్ళతో కలిసి వేయించిన కోడి తినేసి వచ్చింది. ఇంట్లోకి రాగానే చెప్పేసింది. పిల్నమ్ నోరు తెరవబోయి, తమ్ముడి వంక చూసి, "సరే, రేపు టోఫు," అని ఊరుకుంది. తూకం యంత్రం దగ్గర నిలబడడం ఆవిడ ఎప్పుడో మానేసింది.

నెల చివర డాక్టరమ్మ తెర వంక చాలాసేపు చూసింది. సున్‌దక్ కుర్చీ అంచున కూర్చుని చేతిగుడ్డ పిండుతోంది.

"కొవ్వు ఎనిమిది శాతమే," అంది డాక్టరమ్మ ఎట్టకేలకు. "బరువు డెబ్భై ఏడు. ఈ కాలేయం పనికొస్తుంది. చాలా బాగా పనికొస్తుంది. వచ్చే నెల మొదటి వారంలో ఆపరేషన్ పెట్టుకుందామా?"

సున్‌దక్ ఏడవడం మొదలెట్టింది. పిల్నమ్ బయట వరండాలోకి పరిగెత్తి చుట్టాలందరికీ ఫోన్లు చేసి, నర్సు వచ్చి గొంతు తగ్గించమనేదాకా అరిచింది. చాంగ్‌సిక్ మాత్రం లేచి నిలబడి డాక్టరమ్మకి నడుం దాకా వంగి దండం పెట్టాడు. తర్వాత ఇటు తిరిగి కూతురికీ అలాగే వంగబోయాడు. బోరమ్ రెండు భుజాలూ పట్టుకుని ఆపేసింది.

ఆపరేషన్ అయిన ఆరో రోజు బోరమ్ సెలైన్ స్టాండు తోసుకుంటూ, ఒంగి ఒంగి, తల్లి చెయ్యి పట్టుకుని తండ్రి గదిదాకా నడిచింది. ఇరవై అడుగులకి పావుగంట పట్టింది. గుమ్మంలో ఆగింది. మంచం మీద ఆయన కళ్ళు తెరిచి ఉన్నాడు. మట్టిరంగు తేలిన ఆ మొహంలోకి ఎన్నాళ్ళకో కాస్త నెత్తురు వచ్చింది.

"నొప్పెడుతోందా అమ్మా?" అన్నాడు, గొంతు పెగల్చుకుని.

ఎప్పుడడిగినా లేదనే అలవాటు ఆ ఇంట్లో అందరికీ. బోరమ్ మంచం పక్క కుర్చీలో మెల్లగా కూర్చుని, ఊపిరి పీల్చుకుని, నిజం చెప్పింది.

"బాగా నొప్పెడుతోంది నాన్నా."

"నాకూను," అన్నాడాయన, ఏదో పెద్ద శుభవార్త చెబుతున్నట్టు. నవ్వబోతే కుట్లు లాగాయి. ఇద్దరూ ఒకేసారి పొట్ట పట్టుకున్నారు.

"నవ్వకండి, కుట్లు ఊడతాయి!" అంటూ సున్‌దక్ తనే పగలబడి నవ్వింది. చొక్కా చేతులతోనే కళ్ళు తుడుచుకుంటూ, ఆపుకోలేక, నవ్వుతూనే ఉండిపోయింది.