దిండు గలీబులో దాచిన భూతద్దం

"ఇంకా ఎంతసేపురా? అవతల ఎండెక్కిపోతోంది!" హోటల్ గది గుమ్మంలో నిలబడి నాన్న తొందరపెడుతున్నాడు.

కూతురికి మాత్రం కాలు కదలడం లేదు. తాతయ్య పేపరు చదువుకునే చిన్న భూతద్దాన్ని బతిమాలి మరీ తెచ్చుకుంది. బీచ్‌కి తీసుకెళ్తే ఇసుక తగిలి అద్దం మీద గీతలు పడతాయి. గదిలో వదిలేస్తే?

ఇంట్లో ఆ పాపని అందరూ డిటెక్టివ్ అంటారు. ఊరికే అనరు. నిన్న ఇక్కడ దిగినప్పటినుంచి కంటికి కనిపించిన ప్రతివాళ్ల మీదా ఆమెకి అనుమానమే. రిసెప్షన్‌లో అమ్మాయి మరీ ఎక్కువగా నవ్వుతోంది. ఎందుకో! పక్క గది ఆయన లిఫ్టులో కూడా నల్లకళ్లద్దాలు తీయడు. ఎందుకో! ఇక గదులు శుభ్రం చేసే ఆంటీ దగ్గరైతే ఏ గదినైనా తెరిచే కార్డు ఉంది. ఇంకేం కావాలి?

డిటెక్టివ్ భూతద్దాన్ని తన దిండు గలీబులోకి, అట్టడుగు మూలకి తోసేసింది. "ఇప్పుడు వెతుక్కోమను!" అనుకుంటూ బీచ్‌కి బయల్దేరింది.

తిరిగి వచ్చేసరికి గది అద్దంలా మెరుస్తోంది. ఇసుక కాళ్లతోనే మంచమెక్కి గలీబులో చెయ్యి పెట్టింది. దిండు తప్ప ఏమీ తగల్లేదు.

"నాన్నా! ఆ ఆంటీ భూతద్దం తీసేసింది!"

"చూడకుండా అలా అనేయకూడదు. నువ్వే ఎక్కడో పెట్టుంటావు."

"నేను దాచిన చోటు నాకు తెలీదా? మనం లేనప్పుడు గదిలోకి వచ్చింది ఆవిడొక్కతే!"

ఆ అరుపు కారిడార్ అంతా వినిపించింది. అటుగా వెళ్తున్న మేనేజర్ ఆగి సంగతంతా విన్నాడు. మూడు గదుల అవతల ఉన్న ఆంటీని పిలిచాడు. ఆమె చక్రాల బండి తోసుకుంటూ వచ్చింది.

"పాప భూతద్దం తీశావా?"

"నేనెందుకు తీస్తాను సార్? పక్కబట్టలు మార్చి, నేల తుడిచి వచ్చేశాను."

"బండి ఖాళీ చెయ్యి. నీ సంచీ కూడా. ఆ వస్తువు దొరక్కపోతే రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదు."

"అంత దూరం ఎందుకండీ..." అని నాన్న నసిగాడు. మేనేజర్ వినిపించుకోలేదు.

సబ్బులు, తువ్వాళ్లు, నీళ్ల సీసాలు ఒక్కొక్కటే నేల మీదికి వచ్చాయి. గదుల తలుపులు తెరుచుకున్నాయి. పక్క గది ఆయన నల్లకళ్లద్దాలు తీసి మరీ చూశాడు. తర్వాత ఆంటీ తన సంచీ తెరిచింది. అన్నం డబ్బా, దువ్వెన, తలనొప్పి మాత్రలు, కుట్లు ఊడిన పర్సు. ఆమె ఎవరి మొహమూ చూడటం లేదు.

డిటెక్టివ్ మాత్రం కళ్లార్పకుండా అన్నీ చూస్తోంది. బండికి వేలాడుతున్న పెద్ద గుడ్డసంచీలోంచి మాసిన గలీబు ఒకటి బయటికి కనిపించింది. దాని మీద నారింజరంగు మరక. నిన్న పడుకుని జ్యూస్ తాగుతూ తను ఒలకబోసిందే!

పక్కబట్టలు మార్చానంది కదా ఆంటీ. అంటే దిండు గలీబు కూడా మార్చింది. భూతద్దం పాత గలీబులోనే ఉండిపోయింది.

ఇప్పుడు నోరు మూసుకుంటే తప్పు ఎవరిదో ఎవరికీ తెలీదు. ఈలోగా ఆంటీ, సంచీలో మిగిలిన రుమాలు కూడా తీసి, దులిపి, అందరికీ చూపించింది. ఇక పాప వల్ల కాలేదు. ఏడుపు తన్నుకొచ్చింది.

"ఆపండాంటీ! తప్పు నాదే!"

మరక గలీబు లాగి, మూలనుంచి భూతద్దం తీసింది. "మీరు తీసేస్తారని నేనే ఇందులో దాచాను. మీరు గలీబు మార్చారు, అంతే. మీ తప్పేం లేదు."

"దొరికిందిగా, సరే," అంటూ మేనేజర్ వెళ్లిపోయాడు. పాప నేల మీద కూర్చుని దువ్వెన, డబ్బా, మాత్రలు ఏరి ఇచ్చింది. "సారీ ఆంటీ," అంది. "సరేలే పాపా," అంది ఆంటీ. కానీ నవ్వలేదు.

మర్నాడు పొద్దున ఆంటీ తలుపు కొట్టి, బయటే నిలబడింది.

"ఎవరైనా ఒకరు గదిలో ఉండండి సార్. మీరు చూస్తుండగానే తుడిచి వెళ్లిపోతాను."

ఆ మాట పాపకి చురుక్కుమని తగిలింది. నిన్న పొద్దున ఆవిడకి ఈ భయం లేదు. ఆ భయం పెట్టింది తనే.

"వద్దాంటీ. మేం బీచ్‌కి వెళ్తున్నాం. మీ పని మీరు చేసుకోండి."

"నీ వస్తువులన్నీ చూసుకున్నావా పాపా?"

"చూసుకోలేదాంటీ."

బల్ల మీదివి బల్ల మీద, మంచం మీదివి మంచం మీద వదిలేసి, నాన్న చెయ్యి పట్టుకుని లిఫ్టు వైపు నడిచింది.